అరవై ఒక్క ఆవుల నారెప్ప

నా పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, శ్రావణ మాసం మొదటి వారంలో, నన్ను గణాంక శాఖ నుంచి పశుసంవర్ధక శాఖకు డిప్యుటేషన్ మీద పంపారు. నా హోదా సహాయ గణాంక అధికారి. తాలూకా స్థాయిలో ఈ హోదాకు కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, కింద పనిచేసేవాళ్ళు మాత్రం ఉండరు. అంతకుముందు ముప్పై ఏళ్ళకు పైగా రాగి పంట అంచనాలు, వాన లెక్కలు, జనాభా పట్టికలు చూసినవాణ్ణి. చివరి రోజుల్లో దనాల ఆసుపత్రిలో కూర్చోబెట్టారే అని తోటి ఉద్యోగులు జాలిపడ్డారు. మా కోలారు వైపు పశువైద్యశాలను జనం దనాల ఆసుపత్రి అనే అంటారు.

నాకు మాత్రం ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు పండగే. ఆవు ఒంటి నిండా దేవతలుంటారని పసితనం నుంచీ మా భజన గోష్ఠిలో విన్నవాణ్ణి. గోసేవ చేసుకునే భాగ్యం కోసం జనం ఎక్కడెక్కడి గోశాలలకో పోయి గడ్డి వేసి వస్తారు. నాకు తాలూకాలోని ఆవులన్నిటినీ ప్రభుత్వమే పిలిచి అప్పగించింది. ఆ ఉత్తర్వును పూజ గూట్లో స్వామి పాదాల దగ్గర ఒక పూట ఉంచి, ఆ తరువాతే ఫైల్లో పెట్టాను. మా ఆవిడ, ట్రాన్స్‌ఫర్ ఆర్డరుకు పసుపు కుంకుమ పెట్టిన మొదటి మనిషివి నువ్వే అని నవ్వింది.

ఆ పని ఎలా ఉంటుందో రెండు ముక్కలు చెబుతాను. ప్రతి ఆవుకూ, ఎద్దుకూ, ఎనుముకూ చెవికి ఒక పసుపు పచ్చ ప్లాస్టిక్ బిళ్ళ వేస్తారు. దాని మీద పన్నెండు అంకెల నంబరు ఉంటుంది. ఇది కాక ఏడాదికొకసారి ఇంటివారీ పట్టిక తయారవుతుంది. అందులో మూడు గడులు ముఖ్యం. యజమాని పేరు, పశువుల సంఖ్య, పెంపకం ఉద్దేశం. ఉద్దేశం గడిలో ‘ఇంటి వాడకం’ అనో ‘లాభం కోసం’ అనో ఎంచుకోవాలి. ఈ పట్టిక కంప్యూటర్లోకి ఎక్కి జిల్లా కార్యాలయానికి చేరుతుంది. ఏ ఊరికి ఎన్ని టీకా సీసాలు పంపాలో దాన్ని చూసే తీర్మానిస్తారు. పట్టికలో లేని పశువుకు టీకా లేదు.

నేను చేరిన రెండో వారం, గురువారం నాడు, జిల్లా నుంచి ఒక లేఖ వచ్చింది. క్యాసంబళ్ళి దాటి లోపలికి ఉన్న ఒక చిన్న పల్లెలో పశువుల సంఖ్య ఒక్క ఏడాదిలో మూడింతలైందని, కారణం విచారించి శనివారం సాయంత్రం ఐదు గంటల లోపల నివేదిక పంపాలని దాని సారాంశం. అందాకా ఆ పల్లె టీకాలను ఆపి ఉంచుతారు. గడువు దాటితే ఆ సీసాలను వేరే ఊళ్ళకు పంచేస్తారు, ఈ పల్లెకు మళ్ళీ దసరా తరువాతే. ఊరి పేరు నేను రాయను. ఇప్పటికే వాళ్ళను పక్క ఊళ్ళవాళ్ళు చాలినంత ఆటపట్టించారు.

దసరా దాకా ఆగే పరిస్థితి కాదు. పక్క పల్లెలో రెండు ఆవులకు నోటి నుంచి చొంగ కారుతున్నది, గిట్టల మధ్య పుండ్లు పడ్డాయి. అది గాలికుంటు. మా వైపు కన్నడ పేరుతో కాలుబాయి జ్వరం అంటారు. గాలి సోకినా అంటుకునే రోగం.

కంప్యూటర్లో ఆ పల్లె పట్టిక తెరిచి చూశాను. నారెప్ప, అరవై ఒకటి. పిళ్ళప్ప, అరవై ఒకటి. వెంకటరమణప్ప, అరవై ఒకటి. అలా తొమ్మిది ఇళ్ళలో సరిగ్గా అరవై ఒక్క ఆవులు. అరవై లేదు, అరవై రెండు లేదు. అన్ని ఆవులూ నిలబడితే ఆ పల్లెలో మనుషులు నిలబడే చోటు ఉండదు. నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం నా ఒళ్ళు పులకరించింది. నందుడి వ్రేపల్లె మన తాలూకాలోనే వెలిసిందా అని మనసు గంతులు వేసింది. అప్పుడే కిందికి జరిపి చూస్తే, దాదాపు ముప్పై ఇళ్ళకు సంఖ్య గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడిని కంప్యూటరు తనంతట తాను సున్నా చేసుకుంది. విచిత్రమేమిటంటే, ఆ సున్నా ఇళ్ళన్నిటికీ ఉద్దేశం గడిలో ‘లాభం కోసం’ అని ఉంది. లేని ఆవును లాభం కోసం పెంచడం ఎట్లాగో నాకు అంతుపట్టలేదు.

ఖాళీని సున్నా అనుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. మా నాన్న కె.జి.ఎఫ్. బంగారు గనిలో అండర్‌గ్రౌండు మనిషి. కిందికి దిగేవాళ్ళు పలక మీది మేకు నుంచి తమ ఇత్తడి టోకెన్ తీసుకుని దిగేవారు, పైకి వచ్చాక మళ్ళీ తగిలించేవారు. షిఫ్టు ముగిశాక మేకు ఖాళీగా కనబడితే, అక్కడెవరూ లేరని రాసుకుని గుమాస్తా ఇంటికి పోయేవాడు కాదు. ఒక మనిషి ఇంకా కింద ఉన్నాడని దాని అర్థం. వెంటనే వెతకడానికి పంపేవారు. ఆ ముప్పై ఖాళీ గడులను చూసి నాకు అదే తోచింది. ముప్పై ఇళ్ళ ఆవులు ఎక్కడో కిందనే ఉన్నాయి.

మా వైద్యాధికారి మాత్రం లేఖ చదివి, ఇందులో పెద్ద మర్మమేమీ లేదన్నారు. సబ్సిడీ దాణా కోసం పాల సంఘం సెక్రటరీ చెంగల్రాయప్ప అంకెలు పెంచి చెప్పి ఉంటాడని ఆయన అనుమానం. ఆ పల్లె వివరాలు సేకరించింది చెంగల్రాయప్పే. కంప్యూటర్లో ఎక్కించింది సుజాతమ్మ. ఆమె ధారవాడ వైపు మనిషి, నలభై దాటిన కాంట్రాక్టు ఉద్యోగిని, మా తాలూకాకు వచ్చి ఆరు నెలలు. టైపు చేస్తే వాన కురిసినట్టు ఉంటుంది. ఇల్లంతా కన్నడం. తెలుగు మాత్రం బస్సుల్లో, కూరగాయల అంగళ్ళలో నేర్చుకున్నది. మూల కాగితం ఎక్కడ అని అడిగితే, కాగితం లేదు, ఫోనులో చదివి చెప్పారు, చెప్పింది చెప్పినట్టు కొట్టాను, ఒక్క అంకె సొంతంగా కలపలేదు అన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె అబద్ధం చెప్పడం లేదని నాకు తెలిసిపోయింది. చూసి రాయవలసినదాన్ని విని రాశారు. తప్పు ఎక్కడో ఆ నోటికీ ఈ చెవికీ మధ్యన ఉంది.

శుక్రవారం పొద్దున్నే సుజాతమ్మా నేనూ ట్యాబ్ పట్టుకుని మొదటి బస్సు ఎక్కాము. పల్లెకు చేరేసరికి పాల సంఘం అరుగు ముందు ఆడవాళ్ళు క్యాన్లు పెట్టుకుని వరుసలో ఉన్నారు. విషయం మాకన్నా ముందే చేరింది. వరుసలో మొదట ఉన్న మునెమ్మ అనే పెద్దామె నన్ను నిలబెట్టి అడిగింది.

“మీ పెట్టెలో నా ఆవు లేదంట కదప్పా. అట్లయితే ఇప్పుడు నేను పిండుకోని వచ్చినేది ఎవురిది?”

ఆమెకున్నది ఒకటే ఆవు. ఐదు నెలల సూడిది. ఈ సమయంలో కాలుబాయి తగిలితే కడుపు నిలవదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. అందుకే ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు. సోమవారం టీకా వచ్చేలా చూస్తానని మాట ఇచ్చాను. ఎలా నిలబెట్టుకోవాలో నాకింకా తెలియదు.

చెంగల్రాయప్ప పాలు కొలిచి అరుగు మీదికి వచ్చాడు. అరవై దగ్గర వయసు, నుదుట నామం, జేబులో మూడు పెన్నులు. పుస్తకం చూపించమన్నాను. పొడుగాటి గీతల పుస్తకం, ముత్యాల్లాంటి తెలుగు రాత. మునెమ్మ పేరు ఎదురుగా 1 అని ఉంది. నారెప్ప పేరు ఎదురుగా 7 అని ఉంది. అంతా శుద్ధంగా ఉంది. మరి ఫోనులో ఎలా చదివావో, అదే తీరుగా ఇప్పుడు చదవమన్నాను. సుజాతమ్మను పక్కన కూర్చోబెట్టాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. “మునెమ్మ, లాభం. గంగులప్ప, రెండు. చిన్నపాపమ్మ, మూడు. నారెప్ప, ఆరున్నొకటి.”

నాకు నవ్వు ఆగలేదు. అరుగు స్తంభం పట్టుకుని నవ్వాను. సుజాతమ్మ భయపడి నీళ్ళ సీసా అందించింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా ఇళ్ళలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. ఒకటితో మొదలుపెడితే ఒంటరి మాట, లాభంతో మొదలుపెడితే మంగళం. ఇక ఆరు తరువాతి అంకె నోట రానే కూడదు. అది అంకె మాత్రమే కాదు, ఏడవమని కూడా అర్థం. అందుకని దాన్ని ఆరున్నొకటి అని దాటిస్తారు. చెంగల్రాయప్పకు ఆవులూ ధాన్యమూ ఒకటే, రెండూ లక్ష్మే. చేతికి ఈ పట్టింపు లేదు, అందుకే పుస్తకంలో అంకె సరిగా పడింది. చదివే నోరు దాన్ని మార్చేసింది.

“చెంగల్రాయప్పా, ఆరున్నొకటి అంటే ఎంత?” అన్నాను.

“ఆరు అయినాంక వస్తాది కదా సార్, అది.”

“దాని పేరేమి?”

“పేరెందుకు సార్, పొద్దున్నే పాల కాడ.”

సుజాతమ్మకు కన్నడంలో వివరించాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఫోను నంబర్లు చెప్పినట్టు ఒక్కొక్క అంకే చెబుతున్నారనుకున్నదట. ఆరు, ఒకటి, కాబట్టి అరవై ఒకటి. లాభం అన్నప్పుడల్లా ఉద్దేశం గడి గురించి చెబుతున్నారనుకుని ‘లాభం కోసం’ నొక్కింది, సంఖ్య తరువాత చెబుతారేమోనని వదిలేసింది. తమ ఊళ్ళో కూడా జొన్నలు కొలిచేటప్పుడు లాభం అంటారని ఆమెకు తెలుసు, కానీ ఆవును ఎవరైనా కొలుస్తారా అని నన్నే అడిగింది. ఆమెను అనే అర్హత నాకు లేదు. ప్రతి శనివారం మా గని కార్మికుల లైన్ల భజన మందిరంలో అన్నదానానికి బియ్యం కొలిచేవాణ్ణి నేనే. ముప్పై ఏళ్ళుగా లాభం, రెండు, మూడు అంటున్న నోరు నాది. గురువారం మధ్యాహ్నమంతా ఆ పట్టిక ముందు కూర్చుని, లాభం అన్న మాట చూస్తూ కూడా, నాకు తట్టలేదు.

ఈలోగా సంగతి వరుసంతా పాకింది. నారెప్ప క్యాను పట్టుకుని అమాయకంగా వస్తుంటే మునెమ్మ ఊరుకోలేదు. “ఏమి నారెప్పా, అరవై ఒక్క ఆవులు పెట్టుకోని, మొన్న నా ఇంటికాడికి మజ్జిగకి వస్తివే.” నారెప్ప తల గోక్కుంటూ, ఆ మిగిలిన ఆవులు యాడుండాయో చూపిస్తే తోలుకోని పోతానన్నాడు.

తప్పు దొరికింది కానీ పని కాలేదు. చెంగల్రాయప్ప మీద అనుమానం ఉండగా ఆయన పుస్తకాన్నే ఆధారంగా చూపితే జిల్లావాళ్ళు ఒప్పుకోరు. ప్రతి ఇంటినీ మళ్ళీ లెక్కపెట్టాలి. అక్కడ ఇంకో చిక్కు. ఆ రోజు శుక్రవారం, అందునా శ్రావణ శుక్రవారం. ఇంటి లక్ష్మిని లెక్కపెట్టి పరాయివాడికి చెప్పడానికి ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. ఎన్ని ఆవులమ్మా అంటే, స్వామి ఇచ్చినన్ని ఉండాయప్పా అంటారు. అది అబద్ధం కాదు, పట్టికలో పట్టే జవాబూ కాదు. వాళ్ళను తప్పు పట్టే మనసు నాకు రాలేదు. నన్నడిగినా నేనూ చెప్పను.

స్వామిని తలచుకుని కాసేపు అరుగు మీదే కూర్చున్నాను. ఎదురుగా ఒక ఆవు తల తిప్పింది. చెవి బిళ్ళ ఎండకు మెరిసింది. అంతే, దారి దొరికింది. సంఖ్య ఎవరినీ అడగకూడదు. ఇంటింటికీ పోయి, కనబడిన ప్రతి పశువు చెవి బిళ్ళ మీది నంబరు చదివి రాసుకోవాలి, అంతే. ఏ పశువు ఎవరిదో తెలిస్తే, ఎన్ని అనేది కంప్యూటరే చూసుకుంటుంది. ఎవరూ ఎవరికీ లెక్క చెప్పలేదు, ఎవరి లక్ష్మికీ దిష్టి తగలలేదు. ఈ మాట చెబితే ఆడవాళ్ళంతా మెచ్చుకున్నారు.

చదివేది చెంగల్రాయప్ప, కొట్టేది సుజాతమ్మ. ఒక నియమం మాత్రం పెట్టాను. భజనలో గురువు ఒక చరణం అంటే గోష్ఠి మొత్తం దాన్ని తిరిగి అంటుంది. ఎక్కడ అక్షరం జారినా గురువుకు వెంటనే వినబడుతుంది. అలాగే ఆయన చదివిన నంబరును ఆమె తిరిగి చదవాలి, ఆయన అవునన్నాకే భద్రం చెయ్యాలి.

మొదటి ఇంట్లోనే యంత్రం మొండికేసింది. నంబరు పన్నెండు అంకెలకు మించితే అది తీసుకోదు, సుజాతమ్మ కొడుతున్నది పదమూడు. చూస్తే నంబరు మధ్యలో ఒక ఏడు ఉంది. చెంగల్రాయప్ప అక్కడ కూడా ఆరున్నొకటి అన్నాడు. దేవుడు మేలు చేశాడు, సంఖ్య గడికి లేని కాపలా ఈ గడికి ఉంది. ఆవు చెవి పట్టుకుని ఆ మాట నోట అనలేనని ఆయన చేతులు జోడించాడు. సుజాతమ్మ ఒక క్షణం ఆలోచించి, అయితే కన్నడంలో ‘ఏళు’ అనమని సలహా ఇచ్చింది. కన్నడంలో ఆ అంకె పేరు ఏళు. ఏళు అంటే లేచి నిలబడు అని కూడా అర్థం.

చెంగల్రాయప్ప ముఖం వెలిగిపోయింది. “ఏళు అంటే లెయ్యమని కదా. దనానికి అంతకంటే మంచి మాట ఏముండాది సార్.”

ఇక ఆయన్ను ఎవరూ ఆపలేకపోయారు. వీధి వీధంతా ఏళు, ఏళు అని మోగింది. పిళ్ళప్ప కొట్టంలో పడుకున్న దూడ ఒకటి ఆ కేకకు నిజంగానే లేచి నిలబడింది. చూస్తున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. సుజాతమ్మ ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఉద్యోగంలో అంత నవ్విన రోజు నాకు ఇంకొకటి లేదు.

శనివారం మధ్యాహ్నానికి ముగిసింది. బిళ్ళ ఊడిపోయిన వాటికి ఆసుపత్రి సహాయకుడు వచ్చి కొత్తవి వేశాడు. మొత్తం చెంగల్రాయప్ప పుస్తకంతో అచ్చంగా సరిపోయింది, ఒక్క దూడ తప్ప. అది ఆయన పుస్తకం రాశాక పుట్టింది.

ఇక సవరణ. ప్రభుత్వ దస్త్రంలో పాత అంకెను చెరిపేసి కొత్తది రాయకూడదు. పాతది అలాగే ఉండాలి, పక్కన కొత్తది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అని ఉండాలి. మేము అలాగే ఇంటికొక సవరణ పత్రం తయారు చేశాము. ‘ఎందుకు’ అన్న గడి దగ్గర చిక్కు వచ్చింది. అక్కడ కంప్యూటరు నాలుగే కారణాలు చూపిస్తుంది. యజమాని మరణం, పశువు అమ్మకం, పశువు మరణం, ఇతరములు. సుజాతమ్మ వేలు జారి నారెప్పను ఒకసారి చంపేసింది, నేను చూసి బతికించాను. అన్నిటికీ ఇతరములు నొక్కి, ఒకటిని లాభమనీ, ఏడును ఆరున్నొకటి అనీ పలకడం ఈ ఊరి ఆచారం, ఫోనులో విని నమోదు చేయడం వల్ల పొరపాటు జరిగింది అని రాశాము. నాలుగు గంటలకు నివేదిక వెళ్ళింది.

నాలుగున్నరకు జిల్లా డిప్యూటీ డైరెక్టరు ఫోను చేశారు. ముళబాగిలు వైపు మనిషి, నవ్వడం ఎవరూ చూడని అధికారి. లాభం అంటే ఏమిటో మీ నోటితో చెప్పండి అన్నారు. చెప్పాను. నేనిచ్చిన మాట, మునెమ్మ ఆవు, రెండూ ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నాయి.

“మా అవ్వ కూడా ఆ అంకె అనేది కాదప్పా,” అన్నారు. “సీసాలు సోమవారం పంపిస్తాను. ఆ సెక్రటరీకి చెప్పండి, అనుమానం ఏమీ లేదని.”

సోమవారం ఐసు పెట్టెలో టీకా వచ్చింది. మొదట మునెమ్మ ఆవును పట్టుకొచ్చారు. అనుమానపడిన మా వైద్యాధికారే సూది వేశారు, వేసి నమోదు కోసం సుజాతమ్మ వైపు తిరిగి “లాభం” అన్నారు. ఆమె ఒకటి అని కొట్టింది. ఆ విడత గాలికుంటు చుట్టుపక్కల మూడు పల్లెల్లో తిరిగింది, ఈ పల్లెలోకి రాలేదు. మునెమ్మ ఆవు నెలలు నిండి ఈనింది.

తరువాత మా కార్యాలయంలో కొన్ని పద్ధతులు మార్చుకున్నాము. మూల కాగితం ఫోటో జతచేయని పట్టికను తీసుకోము. ఖాళీ గడి సున్నాగా మారదు, ఎర్రగా వెలుగుతూ జవాబు అడుగుతుంది. ఒక ఇంటి సంఖ్య మరీ ఎక్కువైతే కంప్యూటరు ఆగి, నిజమేనా అని అడుగుతుంది. ఫోనులో చెప్పక తప్పనప్పుడు, విన్నవాళ్ళు తిరిగి చదివి వినిపించాలి.

నేను నేర్చుకున్నది ఇంతకన్నా చిన్నది. ఆ పల్లెలో ఎవరూ తప్పు లెక్క చెప్పలేదు, ఎవరూ తప్పు రాయాలని రాయలేదు. వాళ్ళు లెక్కను ఎలా పలుకుతారో మేము ముందుగా అడగలేదు, అదే లోపం. విరమణకు ముందు కొత్త ఉద్యోగుల శిక్షణలో మాట్లాడమన్నప్పుడు నేను ఈ సంగతి చెప్పి, ఒక్క సలహా ఇచ్చాను. జనం దగ్గరికి పోయినప్పుడు ఎన్ని అని అడగకండి, ఏవేవి అని అడిగి రాసుకోండి. మొత్తం యంత్రం వేసుకుంటుంది.